ఐదు శాల్తీల క్లారినెట్టు

పొన్నూరులో పెళ్ళి జరిగిందంటే అంకమరావు బ్యాండు మేళం వచ్చిందనే అర్థం. ఆ మేళం లేకుండా జరిగే పెళ్ళిళ్ళూ ఉంటాయి గానీ, వాటిని ఊళ్ళోవాళ్ళు అంత గట్టి పెళ్ళిళ్ళుగా లెక్కవేయరు. ముప్ఫై ఏళ్ళుగా క్లారినెట్టు ఊదుతున్న ఈ అంకమరావుకి ఒక ఏడాది సింగపూరు నుంచి పిలుపొచ్చింది. అక్కడ బియ్యం వ్యాపారం చేసుకుంటున్న మన పెద్దమనిషి ఒకాయన, కూతురి పెళ్ళి ఊరేగింపుకి మన మేళమే కావాలని పట్టుబట్టాడు. అంకమరావు ఎనిమిదిమందిని వెంటేసుకుని విమానమెక్కి, నాలుగు రోజులు ఊది, ఐదో రోజు చేతిలో పడ్డ డబ్బుతో నేరుగా వాద్యాల దుకాణానికి నడిచాడు. ఉన్న పాత క్లారినెట్టు పగిలి, మైనం పూసి దారం చుడితే తప్ప పలకడం మానేసి రెండేళ్ళయింది మరి.

దుకాణంలోని చీనా ముసలాయన మంచి నల్లకొయ్య క్లారినెట్టు ఒకటి తీసి ముందు పెట్టాడు. ఊది చూడమని సైగ చేశాడు. అంకమరావు దాన్ని రెండు చేతులా కళ్ళకద్దుకుని, మీటలు నొక్కి చూసి, చెక్క వాసన చూసి, పెట్టెలో పెట్టేసి ధర అడిగాడు. ముసలాయన మళ్ళీ సైగ చేశాడు. అంకమరావు తల అడ్డంగా ఊపి పద్దెనిమిది వేల రూపాయల విలువ చేసే అక్కడి నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. పది వాద్యాలు ఊది ఒక్కటీ కొనకుండా పోయేవాళ్ళని రోజూ చూసే ఆ ముసలాయన, ఒక్కటీ ఊదకుండా కొనేసినవాణ్ణి చూసి వాకిలిదాకా వచ్చి సాగనంపాడు.

ఊదకపోవడానికి కారణం ఉంది. అంకమరావు గురువు షేక్ చినమస్తాన్ సాహెబు. పోలీసు బ్యాండులో ముప్ఫయ్యొక్క ఏళ్ళు క్లారినెట్టు ఊది, రిటైరై పొన్నూరు చేరి, ఊళ్ళో కుర్రకారుకి ఊపిరి పట్టడం నేర్పిన మనిషి. ఆయన పరంపరలో ఒక కట్టుబాటు ఉంది. కొత్త వాద్యంలో మొదటి ఊపిరి గురువుది. శిష్యుడు ముందుగా నోరు పెడితే అది ఎంగిలి, గురువు పెడితే ప్రసాదం. సాహెబుకి ఎనభై ఒకటి నిండాయి. ఆయాసం. అంకమరావు విమానమెక్కే ముందు దణ్ణం పెట్టబోతే ఆయన ఒకటే అన్నాడు.

“కొంటే బిరాన తీసుకురారా. నా దగ్గర గాలి ఆట్టే మిగల్లేదు.”

అందుకని అంకమరావు ఆ పెట్టెను ఒళ్ళోంచి దించకుండా తెచ్చుకున్నాడు. మన పట్నంలో దిగాక సుంకాల బల్ల దగ్గర తనంతట తానే ఆగి, పన్ను కట్టాల్సిన సరుకు ఉందని చెప్పాడు. మిగతా ఎనిమిదిమందీ బంగారు రంగు గడియారాలు చేతులకు పెట్టుకుని దర్జాగా బయటికి పోయారు. నిజాయితీకి పోయినవాడు మాత్రం మూడు నెలలు లోపలే ఉండిపోయాడు, అంటే మనిషి కాదు, మనసు.

బల్ల వెనక గుమాస్తా పెట్టె తెరిచాడు. క్లారినెట్టు విడదీస్తే ఐదు ముక్కలు. మఖమలు గుడ్డలో ఐదూ ఐదు గుంటల్లో పడుకుని ఉన్నాయి. గుమాస్తా వేలితో లెక్కపెట్టి, “నల్లని కొయ్య గొట్టములు, ఐదు శాల్తీలు” అని రాశాడు. అంకమరావు అది ఒకటే వాద్యం బాబూ అన్నాడు. గుమాస్తా మళ్ళీ లెక్కపెట్టాడు. మళ్ళీ ఐదే వచ్చాయి. ప్రభుత్వం కంటికి కనిపించిందే లెక్కపెడుతుందని చెప్పి సూపరింటెండెంటు దైవాధీనం గారి దగ్గరికి పంపాడు.

దైవాధీనం గారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన చాలా మంచివాడు. పాతికేళ్ళ ఉద్యోగంలో పచ్చి మంచినీళ్ళు కూడా ఎవరి చేతివీ పుచ్చుకోలేదు. అందువల్ల ఆయన దగ్గర పని తొందరగా అయ్యే మార్గం ఒక్కటీ లేదు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, కొనేముందు వాయించి చూశారా అని అడిగారు. లేదన్నాడు అంకమరావు. ఎందుకు లేదన్నారు దైవాధీనం గారు. గురువుగారి సంగతి, ఊపిరి సంగతి, ఎంగిలి సంగతి అంకమరావు పూసగుచ్చినట్టు చెప్పాడు. దైవాధీనం గారు అంతా ఓపిగ్గా విని, నిబంధనల పుస్తకం మూసి, వేలు మధ్యలో పెట్టుకున్నారు.

“వాద్యమును వాయించువాడు వాయించి చూచి కొనును. వాయింపక కొనువాడు వర్తకుడు. ఈ విషయమై ప్రభుత్వము వారి అభిప్రాయము సుస్పష్టము.”

విద్వాంసుడు సొంతానికి తెచ్చుకుంటే నూటికి ఇరవై సుంకం. వర్తకుడు తెస్తే నూటికి నూటపది, పైగా లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేకపోతే సరుకు వేలం. తాను విద్వాంసుణ్ణేనని అంకమరావు మొత్తుకున్నాడు. అయితే వాయించి చూపమన్నారు. కుదరదన్నాడు. పోనీ నూటపదీ తీసుకోండి, నాకు అభ్యంతరం లేదు, పెట్టె ఇప్పించండి అని జేబులో చెయ్యి పెట్టాడు. దైవాధీనం గారు నొచ్చుకున్నారు.

“సుంకము చెల్లించుట మీ హక్కు కాదండీ, విధించుట మా బాధ్యత. మేము విధింపనిదే మీరు చెల్లించరాదు.”

అలా పన్ను కడతానన్న మనిషిని పన్ను కట్టనివ్వకుండా, పెట్టెను గోనెగుడ్డలో కుట్టి లక్కముద్ర వేసి, ఒక చీటీ చేతిలో పెట్టి ఇంటికి పంపేశారు.

ఊరొచ్చిన అంకమరావు ఇంటికి కూడా పోకుండా సాహెబు దగ్గరికి వెళ్ళి చీటీ చూపించాడు. సాహెబు ఆ చీటీని అటూ ఇటూ తిప్పి, దీన్ని ఊదలేం కదరా అని నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

ఆనాటి నుంచి వారం వారం అంకమరావు పట్నం రైలెక్కడం మొదలుపెట్టాడు. మొదటి వారం దైవాధీనం గారు, కొయ్య సరుకు గనుక అటవీశాఖ వారి అభ్యంతరం లేదన్న కాగితం కావాలన్నారు. అటవీశాఖవారు ఇది ఏ చెట్టు కొయ్య అని అడిగారు. ఆఫ్రికా నల్లచెట్టని దుకాణం బిల్లులో ఉంది. అటువంటి చెట్టు తమ అడవుల్లో లేదని, లేని చెట్టు విషయంలో అభ్యంతరం ఉందో లేదో చెప్పడం తమ వల్ల కాదని, కాకపోతే అలాంటి చెట్టు ఎక్కడైనా కనిపిస్తే వెంటనే తెలియజేయవలసిందని వాళ్ళు రాసిచ్చారు. రెండో వారం, నోట్లో పెట్టుకునే వస్తువు గనుక ఆరోగ్యశాఖకి పంపారు. ఆరోగ్యశాఖవారు అది భోజనానికి ముందా తర్వాతా అని అడిగారు. మూడో వారం గొట్టం గనుక మంచినీళ్ళ సరఫరా వారి దగ్గరికి పంపారు. పక్కల ఇన్ని చిల్లులున్న గొట్టాన్ని ఏ పరిస్థితుల్లోనూ నేలలో పాతరాదని వాళ్ళు గట్టిగా సిఫార్సు చేశారు. వాళ్ళదీ న్యాయమే.

కాళ్ళరిగేలా తిరుగుతున్న అంకమరావుకి తిండి సయించడం మానేసింది. ఎందుకంటే ప్రతి వారం ఊరికి తిరిగొచ్చేసరికి సాహెబు ఊపిరి కొంత తరిగి ఉండేది. మొదట్లో ఆయన మసీదుదాకా నడిచేవాడు. తర్వాత వీధి చివరిదాకా. సంక్రాంతి వెళ్ళిన వారానికి మంచం మీంచి గడపదాకా రావడానికి మధ్యలో ఒకసారి కూర్చుంటున్నాడు. వచ్చిందా అని అడగడం కూడా మానేసి, అంకమరావు చేతుల వంక ఒక్కసారి చూసి ఊరుకునేవాడు. ఆ చూపే అంకమరావుకి నిద్ర లేకుండా చేసేది.

అతని భార్య సామ్రాజ్యం ఊరుకోలేక చెప్పేసింది. “ఎవరికోసమయ్యా ఈ పంతం? ఆ ఆఫీసులోనే ఒక్కసారి ఊదేసి తెచ్చుకో. సాహెబు తాత ఏమీ అనుకోడు.”

సాహెబు ఏమీ అనుకోడని అంకమరావుకీ తెలుసు. అదే అతని బాధ. అయినా ఆలస్యమైతే అసలుకే మోసమని గుండె రాయి చేసుకుని, ఆ వారం ఊదేయడానికే సిద్ధపడి వెళ్ళాడు. దైవాధీనం గారు విచారంగా తల ఊపారు. ఈలోగా ఒక కొత్త ఉత్తర్వు వచ్చిందట. వాడిన సరుకు విదేశాల నుంచి తేవడం పూర్తిగా నిషేధమట. అంకమరావు ఇచ్చిన వాఙ్మూలం ఫైల్లో ఉంది కదా, దాన్ని పై అధికారులు శ్రద్ధగా చదివారు. అందులోని ఎంగిలి అన్న మాట వాళ్ళకి చాలా నచ్చింది. ఇన్నాళ్ళూ వాడిన సరుకంటే ఏమిటో నిర్వచనం దొరక్క వాళ్ళు అవస్థ పడుతున్నారు.

“నోటితో ఊదు వాద్యమునకు ఎంగిలి సోకినచో అది వాడిన సరుకు. మీరు చెప్పినదే ఇప్పుడు నిబంధన అయినది. ఊదనిచో వాద్యమని ఋజువు కాదు. ఊదినచో కొత్తదని ఋజువు కాదు,” అన్నారు దైవాధీనం గారు. ఆ మాటలు అంటున్నప్పుడు ఆయన ముఖంలో కూడా సంతోషమేమీ లేదు.

అంకమరావుకి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. తన గురుభక్తి సర్కారు చట్టమై తన నెత్తినే కూర్చుంది.

అప్పుడు నాద నిర్ధారణ ఉపసంఘం ఏర్పడింది. దైవాధీనం గారు అధ్యక్షులు, మరో ఇద్దరు అధికారులు సభ్యులు. ఎంగిలి లేకుండా ఊదించడం ఎలా అని మూడుసార్లు సమావేశమై, కాఫీ తాగి, చివరికి ఆఫీసు బంట్రోతు సైకిలు పంపు తెప్పించారు. ఐదు శాల్తీలనూ విడివిడిగా వరసగా పెట్టి, ఒక్కొక్కదానికీ పంపు తగిలించి గాలి కొట్టారు. బుస్సుమంది. ఐదుసార్లూ బుస్సుమనే అంది. పరీక్ష ఫలితం ఇలా రాశారు: “సరుకు నుండి వెలువడినది శబ్దమే గాని నాదము గాదు. కావున గొట్టమని అభిప్రాయపడవలసి యున్నది.” అయితే గొట్టం కిందే పన్ను వేయండి మహాప్రభో అని అంకమరావు చేతులు జోడించాడు. వేయవచ్చు గానీ, బిల్లులో క్లారినెట్టు అని ఉన్న సరుకుని గొట్టమని తెచ్చినందుకు కేసు పెట్టవలసి వస్తుందని ఉపసంఘం వారు ముందుగానే హెచ్చరించారు. తల ప్రాణం తోకకొచ్చింది.

అన్నిటికంటే అంకమరావుని పట్టుకున్న భయం వేరు. పంపు కొట్టిన గాలి మొదటి ఊపిరి కిందికి వస్తుందా అని. ఆ సాయంత్రం దొంగలా వెళ్ళి సాహెబు మంచం పక్కన కూర్చుని అడిగేశాడు. సాహెబు మాట్లాడ్డానికి ఊపిరి కూడదీసుకున్నాడు.

“పంపుకి పానముందంట్రా? అది గాలిరా. ఊపిరి కాదు.”

ఆ మాటతో అంకమరావుకి ధైర్యం వచ్చింది. మరుసటి వారం నిబంధనల పుస్తకం మీద తానే పడ్డాడు. హైస్కూలు చదువు చదివిన మనిషే, కాకపోతే ఇన్నాళ్ళూ పుస్తకం వాళ్ళదని ముట్టుకోలేదు. అనుబంధంలో ఒక మూల దొరికింది. ప్రభుత్వ సేవలో ఉన్న, లేక ఉండి విరమించిన నిపుణుడు సరుకును పరీక్షించవచ్చు, అట్టి పరీక్ష వాడకము కిందికి రాదు. పోలీసు బ్యాండు ప్రభుత్వ సేవ కాదా అని అడిగాడు. దైవాధీనం గారు అవునన్నారు. అయితే ఆ నిపుణుడు దరఖాస్తుదారుకి బంధువు కాకూడదట. బంధువుల జాబితా తెచ్చి పైనుంచి కిందికి చదివారు. తండ్రి, అన్నదమ్ములు, మేనమామ, బావమరిది, తోడల్లుడు, సవతి తల్లి తమ్ముడి అల్లుడిదాకా ఉన్నారు. గురువు లేడు. సర్కారు దృష్టిలో చినమస్తాన్ సాహెబు తనకేమీ కాడన్న సంగతి వినగానే అంకమరావు జాబితా అందుకుని తానే ఇంకోసారి వెతికాడు. మరుక్షణం ఆ జాబితాకి దణ్ణం పెట్టుకున్నాడు.

పరీక్ష రోజున సాహెబుని తెల్లవారుజాము రైల్లో పడుకోబెట్టి తీసుకొచ్చారు. స్టేషన్లో ఆటో ఎక్కించి, ఆఫీసు మెట్లు అంకమరావే ఎత్తుకుని ఎక్కించాడు. ఉతికిన లాల్చీ, తెల్లటోపీ, లాల్చీ కింద ఎగిరిపడుతున్న డొక్కలు. ఉపసంఘం బల్ల ముందు కుర్చీ వేశారు. లక్కముద్ర పగలగొట్టి పెట్టె ముందు పెట్టారు.

సాహెబు ముక్కలు తీసి ఒకదానికొకటి బిగించాడు. వేళ్ళు ఎక్కడా తడుముకోలేదు. హెడ్డు గుమాస్తా అది చూసి కంగారుపడ్డాడు. రిజిస్టరులో ఐదు శాల్తీలున్నాయి, బల్లమీద ఒకటే కనిపిస్తోంది, మిగతా నాలుగూ ఏమయ్యాయని అధ్యక్షులవారిని అడిగాడు. కొంత చర్చ జరిగాక “కలిసిపోయినవి” అని రాసుకున్నారు.

సాహెబు మౌత్ పీసుకున్న రెల్లు రీడు తడిచేసి, కళ్ళు మూసుకుని ఊదాడు. గాలి వచ్చింది, స్వరం రాలేదు. దైవాధీనం గారు కలం తీశారు. మళ్ళీ ఊదాడు. మళ్ళీ గాలే. అంకమరావు గోడకి ఆనుకుని నిలబడి లోపల లోపల ఏడుస్తున్నాడు. రెండు వారాల ముందే ఆ నిబంధన దొరికి ఉంటే, ఈ ముసలాయన ఊపిరిలో రాగమంతా పలికేది. సాహెబు క్లారినెట్టు ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఆగాడు. ఎవరో గడియారం చూసుకున్నారు. మూడోసారి ఊదాడు.

ఒకే ఒక్క స్వరం పలికింది. కింది స్థాయిలో, నిండుగా, బెదురు లేకుండా. గది దాటి వరండాలోకి పోయింది. ఊపిరి ఉన్నంతసేపు నిలిచి, ఆగిపోయింది. సాహెబు దగ్గు తెరలో కూడా మౌత్ పీసు లాల్చీ చెంగుతో తుడిచి అంకమరావుకి అందించాడు.

“నా వంతయిందిరా. ఇంక నీదే.”

ఉపసంఘంలో చర్చ మొదలైంది. స్వరం వచ్చిన మాట నిజమే, కానీ ఒక్క స్వరం సంగీతమగునా అని ఒక సభ్యుడు సందేహించాడు. సంగీతమనగా కనీసం ఎన్ని స్వరాలుండాలో నిబంధనల్లో లేదని, పైకి రాసి తెలుసుకోవాలని, అందుకు రెండు నెలలు పట్టవచ్చని రెండో సభ్యుడు అన్నాడు. ఆ మాటలేవీ అంకమరావు చెవికెక్కలేదు. మూడు నెలలుగా లోపల బిగబట్టుకున్నదంతా ఒక్కసారి పైకి వచ్చింది. క్లారినెట్టు పెదవులకి చేర్చి ఆనందభైరవి ఎత్తుకున్నాడు.

పెళ్ళికూతుర్ని పీటలమీదికి తెచ్చేటప్పుడు పొన్నూరులో ఊదినట్టే ఊదాడు. వరండాలో టైపు మిషన్లు ఆగాయి. క్యూలో ఉన్నవాళ్ళు తలుపు దగ్గరికి వచ్చారు. సైకిలు పంపు బంట్రోతు లోపలికొచ్చి కింద కూర్చున్నాడు. పక్క గదిలోంచి వినోదపు పన్ను శాఖవారు కూడా ఫైళ్ళు చేత్తో పట్టుకునే వచ్చి నిలబడ్డారు. దైవాధీనం గారి కలం బల్లమీద తాళం వేస్తోందని ఆయనకి తప్ప అందరికీ తెలిసింది. సాహెబు కళ్ళు తెరవలేదు గానీ బొటనవేలు ఆడుతోంది.

పాట ఆగాక ముందుగా దైవాధీనం గారే తేరుకుని గొంతు సవరించుకున్నారు. ఊదినవారు నియమిత నిపుణుడు కాదు గనుక ఇది పరీక్ష కాదన్నారు. పరీక్ష కాకపోతే వాడకమే గదా, వాడిన సరుకే గదా అన్నాడు ఒక సభ్యుడు. అంకమరావు క్లారినెట్టుని గుండెలకి హత్తుకున్నాడు. దైవాధీనం గారు తలుపు దగ్గర మూగినవాళ్ళని ఒకసారి కలయజూశారు. తర్వాత వినోదపు పన్ను శాఖ గుమాస్తాని పిలిచి, రసీదు పుస్తకం తెమ్మన్నారు.

“ఇది వాడకమని ఎట్లందుము? ప్రజలు గుమిగూడి వినిరి గదా. కచేరీ అయినది. శ్రోతలను లెక్కించి పన్ను విధించుడు.”

తలలు లెక్కపెట్టారు. ఉపసంఘంతో సహా నలభై ఒక్కమంది. తలకి మూడు రూపాయల చొప్పున నూట ఇరవై మూడు రూపాయలు వినోదపు పన్ను. అంకమరావు అక్కడికక్కడే కట్టేశాడు. ఒక శాఖ సంగీతమని పన్ను వసూలు చేశాక, అదే ప్రభుత్వంలోని ఇంకో శాఖ అది గొట్టమని అనడానికి వీల్లేదు. అరగంటలో విద్వాంసుడి కింద నూటికి ఇరవై సుంకం విధించి, కట్టించుకుని, ముద్ర కొట్టి పెట్టె చేతిలో పెట్టారు.

బయట బల్లమీద సాహెబు గోడకి చేరగిలబడి ఉన్నాడు. ఏమని రాశార్రా, చదువు అన్నాడు. అంకమరావు వినోదపు పన్ను రసీదు విప్పి చదివాడు. స్థలం, తేదీ అయ్యాయి. సంగీత కచేరీ నిమిత్తం అని ఉంది. కచేరీ ప్రారంభించిన వేళ పదకొండు ఇరవై అని ఉంది. అది చదివి అంకమరావు ఆగాడు. తాను ఊదడం మొదలుపెట్టేసరికి పదకొండున్నర దాటింది. పదకొండు ఇరవైకి పలికింది సాహెబు స్వరమే. కింది వరస చదివాడు. ఆ వరస గుమాస్తాది కాదు, దైవాధీనం గారి గుండ్రటి అక్షరాలే.

“విద్వాంసులు ఇద్దరు అని రాశారు తాతా.”

“ఇద్దరా?”

“ఇద్దరే.”

సాహెబు ఆ రసీదు అందుకుని, చదవడం రాకపోయినా ఆ వరస మీద వేలు పెట్టి చూపించమన్నాడు. అంకమరావు చూపించాడు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు సర్కారు కొలువులో ఊదాననీ, ఏ కాయితంలోనూ తనని కానిస్టేబులని తప్ప ఇంకోలా రాయలేదనీ సాహెబు మెల్లిగా చెప్పాడు. చెబుతూ ఉంటే కళ్ళవెంట నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు. రసీదు నాలుగు మడతలు పెట్టి లాల్చీ జేబులో దోపుకున్నాడు.

“ఎంత కట్టావురా దీనికి?”

“నూట ఇరవై మూడు.”

“చవగ్గా ఇచ్చార్రా,” అన్నాడు సాహెబు.